చివరి నలభై బోర్డులు

సాయంత్రం ఐదింటికి, మేమంతా దువ్వెన అని పిలిచే బీమా పరిశోధకుడు తన రిపోర్టు మీద సంతకం పెట్టేస్తాడు. ఆ తర్వాత ఎవరెంత మొత్తుకున్నా లాభం లేదు. ఆసుపత్రిలో పన్నెండో మంచం మీద ఒక దర్జీ ఆవిడ ఊపిరందక చనిపోవడానికి ఒక ప్రోగ్రామరు నిర్లక్ష్యమే కారణమని, ఆ ప్రోగ్రామరు తప్పు తెలిసొచ్చి రెండు రోజులకే ఫ్యాక్టరీ మూడో అంతస్తు నుంచి దూకేశాడని అందులో ఉంటుంది. రెండు చావులకి ఒక్క కాగితం. కంపెనీకి హాయి, బీమా వాళ్ళకి హాయి.

హాయి లేనిది ఒక్క మనిషికే. శుక్రవారం పొద్దున పదింటికి నేను ఆవిడ ఎదురుగా కూర్చుని ఉన్నాను.

చనిపోయిన ప్రోగ్రామరుకి ఆవిడ అక్క. తల్లి పోయాక వాడిని పెంచింది, చదివించింది, తన భర్త పనిచేసే ఫ్యాక్టరీలోనే ఉద్యోగం వచ్చేదాకా వదల్లేదు. కిటికీ పక్కన కూర్చుని భర్త తెల్లకోటు జేబు నీలం దారంతో కుడుతోంది. నేను వచ్చానని కూడా సూది ఆపలేదు.

"ఏమనుకోకండి అక్కగారూ. చేతికి ఏదో ఒక పని ఉండాలి. లేకపోతే పిచ్చెక్కిపోతుంది," అంది.

"కుట్టుకో అమ్మా, ఫర్వాలేదు. నాతో ఏం పనిబడిందో చెప్పు."

"ఒక్కటే. ఆవిడని చంపింది మా తమ్ముడి చెయ్యా, కాదా? వాడిదే అయితే ఆ దర్జీ ఆవిడ పిల్లల దగ్గరికెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. కాకపోతే వాడి పేరు ఆ కాగితంలోంచి తీయించండి."

"వాడి పేరు తీస్తే ఆ చోట ఇంకొకరి పేరు రావాలి. ఎవరిదొస్తుందో నేను చెప్పలేను."

"ఎవరిదైనా రానివ్వండి," అంది.

ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నదాన్ని. నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళూ మొదటిరోజు ఈ మాటే అన్నారు. అయినా రాసుకున్నాను.

"ఆ పెట్టెలో గొంతు నాదే, తెలుసా అండీ?" అంది ఉన్నట్టుండి.

తెలియదు. రోగి ఛాతీకి ఒక క్లిప్పు పెట్టి మంచం పక్కన ఉంచే పెట్టె అది. ఊపిరి తగ్గితే బీప్‌మని ఊరుకోదు, మనిషి గొంతుతో పిలుస్తుంది. ఆ పిలుపు ఎవరిదో ఎవరూ నాకు చెప్పలేదు.

"వంటింట్లో ఫ్యాన్ ఆపించి, కిటికీలు మూయించి, పదిహేడు సార్లు చెప్పించాడు. 'ఊపిరి తగ్గుతోంది, త్వరగా రండి'. ఎందుకురా నా గోల, రేడియోలో చెప్పేవాళ్ళెవరినైనా పెట్టుకో అన్నాను. 'నర్సులు రోజంతా బీపులు విని విని చెవులు మూసేసుకున్నారక్కా. నువ్వు నన్ను బడికి లేపేటప్పుడు ఎలా పిలిచేదానివో అలా పిలువు, చచ్చినట్టు లేస్తారు' అన్నాడు." నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. సూది వేలికి గుచ్చుకున్నా ఆవిడకి తెలియలేదు, నేనే చూసి చెప్పాను.

పదకొండున్నరకి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆవిడ భర్త నాకోసం నిలబడి ఉన్నాడు. లైను సూపర్వైజరు. మంచి మనిషిలా కనిపించాడు. నా మోకాళ్ళు చూసి మెట్లు వద్దని లిఫ్టు పిలిపించాడు. మడతలు కూడా పోని కొత్త కోటు వేసుకున్నాడు.

"మా ఆవిడ ఊరట కోసమే మీకు పాసు ఇప్పించానండీ. వాడు నాకు బామ్మర్దే కానీ తమ్ముడిలాగే చూసుకున్నాను. పండులాంటి మనిషి. ఏదో ఖర్మ," అన్నాడు.

మూడో అంతస్తులో బోర్డులకి ప్రోగ్రాం ఎక్కించే గది. బోర్డుని ఒక చట్రంలో పెట్టి మూత నొక్కితే సూదులు దిగి చిప్పులోకి ఫైలు ఎక్కిపోతుంది. అందరివీ తెల్లకోట్లు, జేబు మీద ఎవరి నంబరు వాళ్ళది దారంతో కుట్టి ఉంది. పిలుచుకునేది కూడా నంబరుతోనే. చట్రం దగ్గర పందొమ్మిది కూర్చుని ఉంది, ముప్పై ఏళ్ళ ఆవిడ. సూపర్వైజరు జేబు మీద మాత్రం ఏమీ లేదు. పై హోదా వాళ్ళకి అక్కర్లేదేమో అనుకుని ఊరుకున్నాను. తర్వాత ఆ మాటకి నన్ను నేనే తిట్టుకున్నాను.

"పన్నెండో మంచం పెట్టె వచ్చిన పదకొండో తేదీ లాటులో ఎన్ని బోర్డులు?" అని అడిగాను.

"రెండొందలు మేడమ్," అన్నాడు సూపర్వైజరు.

"ఎక్కించిందెవరు?"

"పందొమ్మిది."

"మొత్తమా?"

"మొత్తం."

"ఎన్ని ఫైళ్ళు?"

"ఒకటే. అదిగో, గోడమీద మావాడే అంటించిన కాగితం ఉంది, చూడండి. రెండో ఫైలు ఉందని వాడు చెబితే కదా మేం ఎక్కించడానికి."

చూశాను. బోర్డు బిగించు, ప్రోగ్రాం ఫైలు ఎక్కించు, పచ్చలైటు చూడు, ట్రేలో పెట్టు. కింద మూడో తేదీ వేసి ఉంది. పక్కన మరో నాలుగు కాగితాలున్నాయి, ఎప్పటివో, వాటి టేపు అంచులకి దుమ్ము పట్టింది. ఈ కాగితం టేపు మాత్రం తళతళలాడుతోంది. దాని చుట్టూ గోడ మీద వెలిసిపోని రంగు రెండు వేళ్ళ వెడల్పున కనిపిస్తోంది. ఇక్కడ ఇంతకుముందున్న కాగితం ఇంతకంటే పెద్దది.

"బోర్డుకి ఎంతసేపు పడుతుందమ్మా?" అని పందొమ్మిదిని అడిగాను.

"డెబ్బై..." అని ఆవిడ ఆగి, నా భుజం మీదుగా వెనక్కి చూసింది. "ఇరవై రెండు సెకన్లండీ."

నేను వెనక్కి తిరగలేదు. వెనకెవరున్నారో తెలుసు. నోట్‌బుక్కులో రెండంకెలూ పక్కపక్కన రాసుకున్నాను.

ఆ గది వెనక తలుపు తీస్తే మెట్లు. గురువారం ఇరవై ఒకటో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి కుర్రాడు ఇక్కడినుంచే పడ్డాడు. ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా భోజనాల టైము, పై అంతస్తులో ఎవరూ ఉండరు. మెట్ల పిట్టగోడ నా ఛాతీ దాకా వచ్చింది. నేను మరీ పొట్టిదాన్నేం కాను. పోలీసులు తీసిన ఫొటో బయటికి తీసి చూశాను. ఒక చెప్పు ఇక్కడ మెట్ల మీద ఉంది, రెండోది కింద అతని కాలికే ఉంది. కావాలని గోడ ఎక్కేవాడు రెండూ విడుస్తాడు, లేదా రెంటితోనూ ఎక్కుతాడు. ఈ ముక్క పోలీసులకి ఎందుకు తట్టలేదో నాకు తెలుసు. మెట్లెక్కి వచ్చి ఉండరు.

ఒకటిన్నరకి క్యాంటీన్‌లో దువ్వెన దొరికాడు.

ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. ఇప్పుడు బీమా కంపెనీ తరఫున పరిశోధనలు చేస్తున్నాడు. నోరు తెరిచే ముందు జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. జుట్టే తగ్గింది.

"మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి మేడమ్?"

"నిన్ను చూడగానే పెరిగాయి."

"ఇంకా ఎందుకండీ ఈ తిరుగుడు? వాడే రాసిపెట్టి పోయాడు." ఒక జిరాక్సు కాగితం నా ముందుకి తోశాడు. 'తప్పు నాదే. ఒక్కసారి చెరిపి చూసి ఉంటే తెలిసేది' అని ఉంది. అక్షరాలు వంకరపోయాయి. ఏడుస్తూ రాసినట్టుంది.

"ఎక్కడిది?"

"వాడి నోట్‌బుక్కులో ఆఖరి పేజీ. ఆ తర్వాతవన్నీ ఖాళీ."

"ఆ కాగితం వెనక?"

"వెనక ఏముంటుంది?"

"నన్నడుగుతావేం? నోట్‌బుక్కు నీ సంచిలో ఉంటే!"

విసుక్కుంటూనే తీశాడు. ఆకు తిప్పాడు. పెన్సిలుతో, మూలకి, సన్నగా రాసి ఉంది: 'గురువారం 1:10. వెనక మెట్లు. మాట్లాడాలి. అక్కకి తెలియకూడదు.'

తల మీదికి వెళ్ళిన దువ్వెన అక్కడే ఆగిపోయింది.

"చావబోయేవాడు మాట్లాడటానికి టైము పెట్టుకుంటాడా?" అన్నాను.

"ఎవరితోనో పేరు లేదు కదా మేడమ్. పేరు లేని మనిషిని రిపోర్టులో ఎక్కడ పెట్టను?"

"పన్నెండో మంచం పెట్టెలో బోర్డు సీలు వేసి నీ దగ్గరే పెట్టుకున్నావు. చదివించావా?"

"చదివేదేముంది? అందులో గొంతు లేదు. ప్రోగ్రాంలోంచి దాన్ని వాడే తీసేశాడు, కంపెనీ రికార్డుల్లోనే ఉంది. రాత్రి రెండు గంటలా ఆరు నిమిషాలకి 'పిలిచాను' అని పెట్టె లెక్క రాసుకుంది. పది అడుగుల దూరంలో ఉన్న నర్సేమో టిక్కుమని ఒక చిన్న చప్పుడు తప్ప ఏమీ వినలేదు. ముందు ఆ పిల్లని నిద్రపోయావని నానా మాటలూ అన్నారు, పాపం. గొంతు తీసినవాడే దోషి. ఇందులో చిక్కేముంది?"

"సీలు విప్పి ఒకసారి చదివిద్దాం."

"విప్పను."

"అయితే ఐదింటిదాకా ఆగు."

"ఐదింటికి ఒక్క నిమిషం దాటినా ఆగను మేడమ్. నాకూ పైవాళ్ళున్నారు. మీలాగా వాళ్ళ మొహాన ఉద్యోగం విసిరేసి రాలేను." అది కాస్త గుచ్చుకుంది. నిజమే కాబట్టి.

రిపేర్ల గది కింద అంతస్తులో చివర ఉంది. అక్కడ పనిచేసే పెద్దాయన్ని ఫ్యాక్టరీ అంతా భూతద్దం అంటారు. ఎప్పుడూ ఒక కంటికి అద్దం బిగించుకుని ఉంటాడు, ఆ కంటితోనే మనుషుల్ని కూడా చూస్తాడు. ఆసుపత్రుల నుంచి వెనక్కి తెప్పించిన పెట్టెలన్నీ విప్పి, బోర్డులు ట్రేలలో పేర్చి ఉన్నాయి. దువ్వెన సంచిలో ఉన్నది పోను, నూట తొంభై తొమ్మిది. ఓ మూల అట్టపెట్టెలో చనిపోయిన కుర్రాడి సామాను ఉంది. స్వెట్టరు, టిఫిన్ డబ్బా, అతని బల్ల మీది బోర్డు. అక్క వచ్చి తీసుకెళ్ళాలని పెట్టారట.

"చిప్పులో ఏముంటుందో తెలుసా అమ్మా?" అన్నాడు భూతద్దం.

"తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను పెద్దాయనా, చెప్పు."

"బీరువా అనుకో. అందులో అరలు. పార్టిషన్లంటాం మేం. ఏ అర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందే ఒక చీటీ రాసి ఉంటుంది. ఒక అరలో ప్రోగ్రాం. ఇంకోదాంట్లో ఈ బోర్డు పుట్టు పూర్వోత్తరాలు, అంటే ఏ రోజు ఎవరి చేతిమీదుగా తయారైందో అది. మొదట్లో గొంతుకి వేరే అర లేదు. ప్రోగ్రాం పొట్టలోనే కుక్కేవాళ్ళం. ఒకే ఫైలు, ఒకేసారి ఎక్కించడం."

"మరి ఎందుకు తీశాడు?"

"పెట్టె ఆన్ చెయ్యగానే కంపెనీ గుర్తు రంగురంగుల్లో గిర్రున తిరగాలని పైవాళ్ళకి సరదా పుట్టింది. ఆ బొమ్మ కూడా అందులోనే కుక్కమన్నారు. ప్రోగ్రాం లావెక్కి అరలో పట్టలేదు. అప్పుడు మనవాడు చీటీ తిరగరాసి గొంతుకి వేరే అర కట్టాడు. మంచి పనే. నేనైనా అదే చేసేవాణ్ణి. కాకపోతే అప్పట్నుంచీ ఫైళ్ళు రెండు. రెండోది ఎక్కించకపోతే గొంతు అర ఖాళీ. ప్రోగ్రాం అమాయకురాలు. ఖాళీ అరలోంచే తీసి పలుకుతుంది, పలికాననుకుంటుంది, పిలిచానని లెక్క కూడా రాసుకుంటుంది."

"అప్పుడు చప్పుడేమైనా వస్తుందా?"

"టిక్కుమంటుంది. స్పీకరు ఒక్కసారి ముందుకి తోసుకుని అలాగే ఉండిపోతుంది, అంతే."

నర్సు చెప్పింది అక్షరాలా నిజం. ఆ పిల్లని నిద్రపోయావన్న నోళ్ళన్నీ నాకు గుర్తొచ్చాయి.

"ఇంత తెలిసినవాడు పరీక్షించి చూసుకోలేదా?" అని అడిగాను.

భూతద్దం అట్టపెట్టెలోంచి కుర్రాడి బోర్డు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"చూసుకున్నాడమ్మా. దీని మీదే చూసుకున్నాడు. కానీ దీనిమీద అప్పటికే యాభైసార్లు గొంతు ఎక్కించి ఉన్నాడు. కొత్త ప్రోగ్రాం ఎక్కించినా గొంతు అరలో పాతది అలాగే ఉంటుంది, ఎవరైనా పనిగట్టుకుని చెరిపితే తప్ప పోదు. అంచేత ఇది పలికింది. చిప్పు మొత్తం చెరిపి, ఉత్త బోర్డు మీద చూసి ఉంటే మూగదని తెలిసేది. అర ఖాళీగా ఉంటే ఎర్రలైటు వెలిగేలా మూడు లైన్లు రాసి ఉండేవాడు. మేమందరం చేసే తప్పేనమ్మా. నేను నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు చేశానో! నావల్ల ఎవరూ పోలేదు, అదృష్టం, అంతే తేడా." కంటి అద్దం తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తుడిచింది అద్దాన్ని కాదు.

'చెరిపి చూసి ఉంటే' అన్న మాటకి అర్థం అదన్నమాట. దువ్వెన చెప్పినదాంట్లో సగమైనా నిజమైతే, సాయంత్రం ఆ అక్కకి ఏం మొహం పెట్టుకుని చెప్పను? అప్పటికి టైము రెండున్నర.

"ఈ లాటు బోర్డులన్నీ చదువు," అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ. నాకు వేరే పనేమీ లేదు."

మొదటి బోర్డు తగిలించాడు. తెర మీద అంకెలు వరసగా దిగాయి. "ఇదేంటి, ఇందులో గొంతుందే!" అన్నాడు. రెండోదాంట్లోనూ ఉంది. మూడోదాంట్లోనూ ఉంది. కొత్త చీటీలో రాసిన అరలోనే, సరిగ్గా మొదటి గడి నుంచి.

నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. గోడమీద కాగితంలో రెండో ఫైలు ఊసే లేదు. కుర్రాడు చెప్పలేదని సూపర్వైజరు నొక్కి చెప్పాడు. చెప్పనిదే ఈ బోర్డుల్లోకి గొంతు ఎలా ఎక్కింది, అదీ ఇంత కచ్చితంగా? చెప్పాడు. కాగితం రాసి అంటించాడు కూడా. అది చింపేసి చిన్నది పెట్టారు.

"పుట్టుక వివరాలు కూడా తియ్యి," అన్నాను.

నాలుగు కావడానికి పది నిమిషాలుండగా ఆఖరి ట్రే అయిపోయింది. నూట అరవై బోర్డుల్లో గొంతు ఉంది. ఒక్కోదానికి డెబ్బై సెకన్లు పట్టింది, ఎక్కించిన చెయ్యి పందొమ్మిది. అవి సాయంత్రం నాలుగున్నరకి ఆగిపోయాయి. నాలుగున్నర తర్వాత ముప్పై తొమ్మిది బోర్డులు. ఒక్కోదానికి ఇరవై రెండు సెకన్లు. గొంతు అరంతా ఖాళీ. చెయ్యి ఏడు.

"నాలుగున్నరకి పందొమ్మిది వెళ్ళిపోతుంది, పిల్లల బడి బస్సు టైము," అన్నాడు భూతద్దం. "ఐదింటికి లారీ బయల్దేరాలి ఆ రోజు. నలభై బోర్డులు డెబ్బై సెకన్ల లెక్కన అయితే ఐదుంబావు దాటుతుంది. ఎవరో మహానుభావుడు రెండో ఫైలు ఎగ్గొట్టాడమ్మా. పచ్చలైటు ప్రోగ్రాం ఎక్కితే చాలు, వెలుగుతుంది."

"ఏడెవరు?"

"నా దగ్గరికి బోర్డులే వస్తాయి కానీ మనుషులు రారు. నంబర్ల రిజిస్టరు సూపర్వైజరు దగ్గరుంటుంది."

ఫోన్ చేశాను. "ఏడో నంబరు ఎవరిదండీ?"

అవతల మెషిన్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఏడు ఖాళీ మేడమ్. ఎవరికీ ఇవ్వలేదు," అన్నాడు చివరికి.

"రిజిస్టరు తీసుకుని కిందికి రండి."

"వస్తున్నా," అన్నాడు. అరగంటైనా రాలేదు.

నాలుగున్నరకి దువ్వెన తలుపు తోసుకుని వచ్చాడు. నా మొహం చూడకుండా సంచిలోంచి సీలు వేసిన కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ చెప్పు ఫొటో నేనూ మళ్ళీ చూశాను," అన్నాడు. "చదవండి. నా ఎదుటే చదవండి."

సీలు తనే చింపాడు. పన్నెండో మంచం బోర్డు. మొదలు నాలుగూ నలభై ఒకటీ పది సెకన్లు, ముగింపు నాలుగూ నలభై ఒకటీ ముప్పై రెండు. గొంతు అర చివరిదాకా ఖాళీ. చెయ్యి ఏడు. తెర మీద ఆ అంకెని దువ్వెన అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండు సెకన్లలో తయారైంది ఆ దర్జీ ఆవిడ చావు.

అప్పుడే తమ్ముడి సామాను కోసం అక్క వచ్చింది. గుమ్మంలో నిలబడి మా ముగ్గురి మొహాలూ చూసింది.

"చెప్పండి అక్కగారూ. వాడి చెయ్యేనా?"

"కాదమ్మా. వాడు ఏం చెయ్యాలో రాసి గోడకి అంటించాడు. నూట అరవై బోర్డులు అలాగే చేశారు. చివరి నలభైకి ఇంకొకరు ఎగ్గొట్టారు. మీ తమ్ముడు ఇంకో రెండు జాగ్రత్తలు తీసుకుని ఉండాల్సిందని తనని తాను తిట్టుకున్నాడు, అంతే. తప్పు చేసినవాళ్ళు అలా రాసుకోరు."

ఆవిడ స్టూలు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నా బంగారు తండ్రీ... నా బంగారు తండ్రీ..." అంటూ ఏడ్చింది. ఎనిమిది రోజులుగా బిగబట్టుకున్నదంతా బయటికొచ్చింది. భూతద్దం గోడవైపు తిరిగిపోయాడు. దువ్వెన కూడా తల దించుకున్నాడు.

కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగింది. "మరెవరండీ?"

"ఇంకా పేరు దొరకలేదు. కోటు మీద ఏడో నంబరు ఉండే మనిషి."

తుడుచుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ మొహంలో రంగు దిగిపోవడం చూశాను. ఉద్యోగంలో చాలా మొహాలు చూశాను కానీ ఇలాంటిది మళ్ళీ చూడకూడదని కోరుకుంటున్నాను.

"ఏడు నేనే కుట్టాను," అంది. "పొద్దున మీ ఎదురుగా. నీలం దారంతో."

అక్క ముందున్న జేబునే చూశాను కానీ, దాని మీద ఏముందో చూడలేదు. పైగా డిటెక్టివునట!

"పోయిన వారం గురువారం కోటు జేబు చిరిగి ఇంటికొచ్చింది. సగం అంకె వేలాడుతోంది. ఏమైందండీ అంటే మెషిన్‌లో ఇరుక్కుందన్నారు. అప్పటికే ఫోన్ వచ్చింది, తమ్ముడు లేడని. ఇంక కోటు సంగతి ఎవరికి పట్టింది?" ఆవిడ తన అరచేతుల వైపు చూసుకుంది. "పట్టుకుని లాగినట్టే చిరిగింది. వాడి గోళ్ళు ఎప్పుడూ పెరిగి ఉండేవి, కత్తిరించుకోరా అని పోరేదాన్ని."

'అక్కకి తెలియకూడదు' అన్న పెన్సిలు గీతలు నాకు అప్పుడు పూర్తిగా అర్థమయ్యాయి. బావ పేరు బయటపెట్టకుండా, బావ చేతే ఒప్పించాలనుకున్నాడు. అక్క సంసారం నిలబెట్టాలనుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

అక్క లేచి బల్ల దగ్గరికొచ్చి తమ్ముడి బోర్డు మీద వేలు పెట్టింది.

"ఇది పలుకుతుందా తాతగారూ?"

"పలుకుతుందమ్మా."

"ఒక్కసారి వినిపించండి. వాడు చేసింది నేనింతవరకూ వినలేదు."

భూతద్దం వద్దన్నట్టు నావైపు చూశాడు. నేను తలూపాను. బోర్డుకి కరెంటిచ్చి, స్పీకరు తగిలించి, క్లిప్పు వైరు పీకాడు. కంపెనీ గుర్తు రంగురంగుల్లో గిర్రున తిరిగింది. ఆ తర్వాత గదంతా ఆవిడ గొంతే. పిల్లాణ్ణి నిద్రలేపే గొంతు, కంగారూ ప్రేమా కలిసిన గొంతు.

"ఊపిరి తగ్గుతోంది! త్వరగా రండి! ఊపిరి తగ్గుతోంది! త్వరగా రండి!"

బయట మెట్ల మీద ధడధడమని చప్పుడైంది. ఎవరో రెండేసి మెట్లు దూకుతూ దిగుతున్నారు. తలుపు తెరుచుకుంది. రిజిస్టరు చంకలో పెట్టుకుని, రొప్పుతూ సూపర్వైజరు నిలబడ్డాడు.

"ఏమైంది? ఏమైంది నీకు? పిలిచావా?"

ఆవిడ భర్త వైపు తిరిగింది. అతని కళ్ళు ఆవిడ మీంచి, ఇంకా పిలుస్తూనే ఉన్న బోర్డు మీదికి, అక్కడినుంచి తెర మీద ఏడు అంకె మీదికి వెళ్ళి ఆగాయి. దువ్వెన నెమ్మదిగా వెళ్ళి అతని వెనక తలుపు మూశాడు. టైము నాలుగూ యాభై ఆరు.

"చూశారా అండీ," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "ఆ రోజు కూడా ఇది పలికి ఉంటే, ఎవరో ఒకరు ఇలాగే పరిగెత్తుకొచ్చేవాళ్ళు."